న్యేపి నాడు వచ్చిన ఇరవై ముగ్గురు

రస్మినికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. బాలి ద్వీపంలోని డెన్‌పసార్ మెడికల్ కాలేజీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆమె కేకలేస్తున్నంతసేపూ పిల్లలు నిశ్చింతగా కూర్చుంటారు. గొంతు దించి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టిందంటే మాత్రం ఎవరికో మూడిందన్నమాటే. ఆ ఏడాది ఆమె కళ్లద్దాలు ముక్కు మీదకన్నా బల్ల మీదే ఎక్కువసేపు ఉన్నాయి.

పాఠాలు చెప్పడం ఆమె ఉద్యోగం. దానికి తోడు కాలేజీవాళ్లు నడిపే వైద్య జర్నల్‌కి నిర్వాహక సంపాదకురాలు. పేరు గంభీరంగా ఉంటుందిగానీ అది వట్టి చాకిరీ. పరిశోధన పేపర్లు అందుకోవాలి, ఒక్కోదాన్నీ ఇద్దరు నిపుణులకు పంపాలి, వాళ్లు చదివి అభిప్రాయం రాసేదాకా గడ్డం పట్టుకుని బతిమాలాలి, ఆఖరికి తప్పులు దిద్ది వెబ్‌సైటులో పెట్టాలి. దీనికి జీతం లేదు. ప్రధాన సంపాదకుడు ప్రొఫెసర్ సుమద్ర ఫొటో మొదటి పేజీలో ఉంటుంది. రస్మిని పేరు చివరి అట్ట లోపల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆమె దానికెప్పుడూ బాధపడలేదు. ఇక్కడ అచ్చయిన మాటను నమ్మి ఎక్కడో ఒక డాక్టరు సూది పట్టుకుంటాడు కాబట్టి ఈ చాకిరీకి అర్థం ఉందని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

కాలేజీ డీన్ ప్రొఫెసర్ ఇద బగుస్ కెర్తియాస తన పేపర్ పంపినప్పుడు ఆమె గర్వపడింది కూడా. ఆయన ఆమెకు చదువు చెప్పిన గురువు. కాన్పయిన వెంటనే రక్తం ఆగడానికి తల్లి తొడకు వేసే ఇంజక్షన్ ఉంటుంది కదా, పొట్ట మర్దన సరిగ్గా చేస్తే అది సగం మోతాదు చాలునని ఆ పేపర్ సారాంశం. గియాన్యార్‌లోని ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో పురుడు పోసుకున్న తల్లులు మూడో రోజున మళ్లీ వచ్చి రక్తపరీక్ష చేయించుకున్నారట, ఒక్కరికీ రక్తం తగ్గలేదట. నిపుణుల్లో ఒకాయన "చాలా బాగుంది" అని రాసి పంపాడు. రెండో ఆయన అంత కష్టం కూడా పడలేదు, "సరే" అన్నాడు. ఆరోగ్య శాఖకి ఈ పేపర్ వరంలా దొరికింది. మందు సగం మిగులుతుంది మరి. చూస్తూండగానే బాలిలోని ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీదా "సగం మోతాదు" అని రంగుల చార్టు వెలిసింది.

కొన్నాళ్లకి కింతామణి కొండమీది ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టర్ విద్న్యాని ఫోన్ చేసింది. రస్మిని దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పటికీ "బు" అనే పిలుస్తుంది, అంటే అమ్మగారూ అని.

"బు, డీన్ గారి పేపర్‌తో పాటు వెబ్‌సైటులో ఒక పట్టిక పెట్టారు కదా. తెరిచి చూశారా?"

"నేనేగా పెట్టింది."

"పెట్టారు సరే. చూశారా అంటున్నా."

రస్మిని కంప్యూటర్ ముందుకు జరిగి పట్టిక తెరిచింది. ప్రతి పేపర్‌తో పాటు, ఏ రోగిని ఏ రోజున పరీక్షించారో చూపించే అసలు పట్టిక కూడా అందరికీ కనబడేలా పెట్టాలని జర్నల్ నియమం. ఆ నియమం గురించి సుమద్ర ఎక్కిన ప్రతి వేదిక మీదా గొప్పలు చెప్పుకునేవాడు. పెట్టమన్నారుగానీ, పెట్టినదాన్ని ఎవరో ఒకరు చూడాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. రస్మినికీ తట్టలేదు.

"న్యేపి తారీఖు దగ్గర చూడండి బు. ఆ రోజు గియాన్యార్ కేంద్రానికి ఇరవై ముగ్గురు బాలింతలు నడిచొచ్చి రక్తం ఇచ్చి వెళ్లారు."

"న్యేపి నాడా? కొత్త సంవత్సరానికి ఊరంతా మౌనం పాటించే రోజునా?"

"న్యేపి నాడే. నాకే మతి పోయిందేమోనని క్యాలెండర్ రెండుసార్లు చూసుకున్నా."

రస్మిని కాపురం గియాన్యార్‌లోనే, ఆ ఆరోగ్య కేంద్రం ఉన్న వీధికి రెండు వీధుల అవతల. భర్త దర్స బ్యాంకులో పనిచేసి రిటైరైన నెమ్మది మనిషి. న్యేపి వచ్చిందంటే మాత్రం గళ్ల గుడ్డ నడుముకు చుట్టి, పెచలాంగ్ వేషంలో, ఎవరూ గడప దాటకుండా ఊరికి కాపలా కాస్తాడు. ఆ రోజు ఆయన ముందు గాలి కూడా గట్టిగా వీచకూడదు. సాయంత్రం అన్నం తింటున్న ఆయనకి రస్మిని ఈ సంగతి చెప్పింది.

"ఇరవై ముగ్గురా?" దర్స చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "ఆ రోడ్డు మీద డ్యూటీ నాదే కదే. గేటు దాటొచ్చిన కోడిని కూడా లోపలికి తోలాను. పొయ్యి వెలిగించాడని మీ అన్నయ్యనే కసిరాను, నెల్లాళ్లు మాట్లాడలేదు నాతో."

"నొప్పులొచ్చినవాళ్లని వదుల్తారుగా?"

"వదుల్తాం. ఆ రోజు ఒక్కతి వచ్చింది, మేమే అంబులెన్స్ ఎక్కించాం. రక్తపరీక్షకని ఇరవై ముగ్గురు వస్తే నా కళ్లకి కనబడరా? మబ్బుల్లోంచి దిగారా ఏంటి?"

అదీ సంగతి. న్యేపి నాడు విమానాలే ఎగరవు, దీపం వెలగదు, మనిషన్నవాడు వీధిలో కనబడడు. బాలిలో మాటలు నేర్చిన ప్రతి పిల్లకీ ఇది తెలుసు. కెర్తియాసకి తెలియదా? ఆ రోజు ఆయన కూడా తన ఇంట్లో దీపాలార్పుకుని, ఉపవాసం ఉండి, జపం చేసుకుంటూ కూర్చుని ఉంటాడు. పట్టిక తయారైంది జావాలోని సురబయలో అని పేపర్లోనే ఉంది. అక్కడ కూర్చున్న జీతగాడెవడో కంప్యూటర్‌లో తారీఖులు వరసగా నింపుకుంటూ పోయాడు. బాలిని ఎన్నడూ చూడనివాడికి అది మామూలు గురువారం. దాన్ని ఈయన కనీసం తిప్పి చూడకుండా సంతకం పెట్టాడు. తల్లుల ప్రాణాల మీదకి వచ్చే అబద్ధం ఆడేటప్పుడు కాస్త శ్రద్ధగానైనా ఆడాలని ఆయనకి అనిపించలేదు. రస్మినికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పట్టిక పట్టుకుని సుమద్ర గదికి వెళ్లింది. ఆయన చూశాడు, దగ్గాడు, కిటికీలోంచి బయటికి చూశాడు.

"పద్ధతి ప్రకారం వెళ్దాం రస్మిని. ముందు రచయితని వివరణ అడగాలి."

పద్ధతి ప్రకారమే వెళ్లారు. రచయితని అడిగితే వర్షాకాలం మొత్తం గడిచాక "పరిశీలిస్తున్నాను" అని జవాబు వచ్చింది. మళ్లీ అడిగితే ఆయన జపాన్‌లో ఉన్నాడన్నారు. అప్పుడు సుమద్ర ఈ విషయాన్ని కాలేజీ పరిశోధనా నీతి కమిటీకి పంపుదామన్నాడు.

"పాక్, ఆ కమిటీ అధ్యక్షుడు డీన్ గారే కదా," అంది రస్మిని. పెద్దవాళ్లని అక్కడ అయ్యగారూ అనడానికి పాక్ అంటారు.

"అయితే ఏం? చాలా నిష్పక్షపాతంగా ఉండే మనిషి."

నిష్పక్షపాతంగా ఉండే ఆ మనిషి తన మీది ఫిర్యాదును తానే చదువుకుని, ఇది జర్నల్ చూసుకోవలసిన విషయమని తిప్పి పంపాడు. జర్నల్ ఏమో కమిటీ తేల్చందే తామేమీ చేయలేమంది. ఆరోగ్య శాఖను కదిలిస్తే, పేపర్ జర్నల్లో ఉన్నన్నాళ్లూ చార్టు గోడ మీద ఉంటుందన్నారు. ముగ్గురూ ముగ్గురికీ దండాలు పెట్టుకుంటూ తిరుగుతుంటే, సగం ఇంజక్షన్ మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా రోజూ ఎవరో ఒకరి తొడలో దిగుతూనే ఉంది.

కింతామణిలో స్రియాసికి కూడా దిగింది. నారింజ తోటలో కూలికెళ్లే పిల్ల, తొలి కాన్పు. విద్న్యాని ఆ రోజు సెలవులో ఉంది. మంత్రసాని నర్సు చార్టులో ఉన్నట్టే చేసింది, మర్దన కూడా చేసింది. రక్తం ఆగలేదు. కొండ దిగి బంగ్లి ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం దక్కించడానికి గర్భసంచి తీసేయక తప్పలేదు.

రస్మిని కొండెక్కి ఆ పిల్లని చూడ్డానికి వెళ్లింది. ఎందుకు వెళ్తున్నదీ ఆమెకే తెలియదు. స్రియాసి నేత చాప మీద కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పాప బాగుంది బు. ఇంకొకళ్లు ఉండరన్నారు," అంది. లోపల పొయ్యి దగ్గరున్న అత్త వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "మా అత్త ఏమీ అనట్లేదు. నాలుగు తిట్టినా బాగుండును. గోడ మీద కాగితంలో ఎలా ఉందో అలాగే చేశామన్నారు ఆసుపత్రిలో. ఆ కాగితం ఎవరు రాశారు బు?"

"కనుక్కుంటున్నాం అమ్మా," అంది రస్మిని.

అన్న మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది. అది సుమద్ర మాట, కమిటీ మాట. అన్నీ తెలిసి కూడా ఇప్పుడు తన నోట్లోంచి కూడా అదే వచ్చింది.

విద్న్యాని మాత్రం నీళ్లు నమలలేదు. సెలవునుంచి వచ్చిన రోజే చార్టు చింపి పారేసి, ప్రతి తల్లికీ పూర్తి మోతాదు వేయించడం మొదలుపెట్టింది. ఆరోగ్య శాఖ ఊరుకుంటుందా? ఆదేశాల ధిక్కరణ కింద ఆమె మీద విచారణ పెట్టింది. న్యేపి సెలవులు అయ్యాక హాజరు కమ్మంది. పేపర్ అప్పటికీ నిలబడి ఉంటే ఆమె ఉద్యోగం ఊడుతుంది, చార్టు మళ్లీ గోడెక్కుతుంది. పేపర్‌ని జర్నల్ వెనక్కి తీసుకుంటే రెండూ ఆగుతాయి. అంతకు మించి ఇందులో తికమకేమీ లేదు.

ఆఖరికి సంపాదక మండలి సమావేశమైంది. కాఫీలు వచ్చాయి, అరటికాయ బజ్జీలు వచ్చాయి. కెర్తియాస రాసిన వివరణ సుమద్ర చదివాడు. సురబయలో సహాయకుడు టైపు చేయడంలో ఒక రోజు తేడా వచ్చిందట, ఆ ఇరవై ముగ్గురూ మర్నాడు వచ్చారట, ఫలితాల్లో ఏ మార్పూ లేదట.

"మర్నాటి కింద ఇప్పటికే ముప్పై మంది ఉన్నారు పాక్," అంది రస్మిని. "వీళ్లనీ కలిపితే యాభై దాటతారు. ఆ కేంద్రంలో రక్తం తీసే నర్సు ఒక్కతే. పైగా మర్నాడు ఊరంతా చుట్టాలిళ్లకి తిరుగుతూ ఉంటారు."

"పోనీ, న్యేపి నాడే వచ్చారేమో," అన్నాడు ఎదుటి కుర్చీలో ఉన్న సర్జన్ రాయ్. ఆయనకి ఎక్కడ కూర్చున్నా నవ్వించాలనే సరదా. "ఇరవై మూడు లెయాక్‌లు. మంత్రగత్తెలకి పెచలాంగ్‌లు అడ్డమా? గాల్లో ఎగిరొచ్చి రక్తం ఇచ్చిపోయుంటాయి."

"లెయాక్‌లు బాలింతల రక్తం తాగుతాయిగానీ ఇస్తాయా పాక్?" అని ఇంకొకాయన అందుకున్నాడు.

అందరూ నవ్వారు. సుమద్ర కూడా నవ్వాడు. రస్మిని ఒక్కొక్కరి మొహమే చూసింది. నవ్వారంటే నమ్మలేదనే కదా. ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కడికీ అది నిజమని భ్రమ లేదు.

ఆమె కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరి రక్తం తాగుతున్నారో కింతామణి వెళ్లి చూసొచ్చాను పాక్," అంది, పక్కవాళ్లకి వినబడీ వినబడనట్టు. "ఆ పిల్లకి ఇంక పిల్లలు పుట్టరు. బజ్జీలు చల్లారిపోతున్నాయి, తినండి."

రాయ్ పళ్లెం పక్కకి జరిపాడు. తర్వాత ఒక్కొక్కరే, డీన్ గారి పరువనీ, కాలేజీ పరువనీ, జర్నల్‌కి కష్టపడి తెచ్చుకున్న జాతీయ గుర్తింపు పోతుందనీ మొదలుపెట్టారు. పరువు గురించి అంత బాధపడినవాళ్లు ఆ పిల్ల పేరేమిటని అడగలేదు. చివరికి పేపర్ కింద ఒక్క వాక్యం దిద్దుబాటు వేయాలని తీర్మానించారు. "ఒక తారీఖు పొరపాటున పడింది. ఫలితాలు యథాతథం." దాన్ని వెబ్‌సైటులో పెట్టే పని, అలవాటు ప్రకారం, రస్మినికే అప్పగించారు.

ఆమె పెట్టింది. రోగం వచ్చినట్టుందని ఆ పూట అన్నం మానేసింది.

న్యేపి ముందు రోజు వచ్చింది. కాలేజీ ఎదురు కూడలిలో వెదురుతో, కాగితంతో చేసిన ఒగో-ఒగో భూతాలు కోరలు తెరుచుకుని వరసగా నిలబడ్డాయి. సాయంత్రానికి వాటిని భుజాలకెత్తుకుని ఊరంతా వీధుల్లో ఉంటుంది. వెబ్‌సైటు చూసే కుర్రాడు గుస్తి మధ్యాహ్నమే వెళ్లిపోయాడు, వాళ్ల వీధి భూతానికి ముందు కాడి మోసేది అతనే. వెబ్‌సైటు తాళం తెలిసినవాళ్లు ఇద్దరే, అతనూ రస్మినీ. అది నడిచే యంత్రం జకార్తాలో ఉంటుంది. తెల్లారితే ఇక్కడ ఆఫీసులకి తాళాలు, ఫోన్లలో ఇంటర్నెట్ బంద్, ఆ మర్నాటి ఉదయం దాకా.

రస్మిని తన గదిలో ఒక్కతే కూర్చుంది. ప్రధాన సంపాదకుడి సంతకం లేకుండా పేపర్ని ఉపసంహరించే హక్కు ఆమెకి లేదు. ఆ నియమం రాసిన చెయ్యి ఆమెదే. బయట డప్పులు మొదలయ్యాక, దిద్దుబాటు తీసేసి, ఆ చోట ఇలా రాసింది. "ఈ పేపర్‌ని ఉపసంహరిస్తున్నాం. ఇందులో ఇరవై మూడు రక్తపరీక్షలు న్యేపి నాడు జరిగినట్టు ఉంది. జరగలేదు. మిగతావైనా జరిగాయనడానికి ఆధారం చూపించలేదు. దీన్ని నమ్మి మోతాదు తగ్గించినవాళ్లు వెంటనే మానాలి." కింద తన పూర్తి పేరు పెట్టింది, ని కెతుత్ రస్మిని. మీట నొక్కింది. జర్నల్ తెప్పించుకునే ప్రతి ఆరోగ్య కేంద్రానికీ, ఆఫీసుకీ ఆ నాలుగు ముక్కలూ వాటంతటవే వెళ్లిపోయాయి.

ఇంటికొచ్చి చెబితే దర్స మర్నాటి కాపలాకి తీసిపెట్టుకున్న గళ్ల గుడ్డ మడత విప్పి మళ్లీ మడిచాడు.

"అంటే రేపంతా దాన్ని ఎవడూ పీకలేడన్నమాట," అన్నాడు చివరికి.

"నువ్వు కాపలా ఉంటావుగా," అంది రస్మిని.

న్యేపి నాడు ఆమె అరుగు మీద చాప వేసుకుని పడుకుంది. కుక్క కూడా మొరగలేదు. వీధిలో దర్స చెప్పుల చప్పుడు అప్పుడప్పుడూ వచ్చి పోయింది. ఏడాదికి పైగా పట్టని నిద్ర ఆ పగలంతా పట్టింది.

మర్నాడు తెల్లారగానే ద్వీపంలోని ఫోన్లన్నీ ఒక్కసారి మేలుకున్నాయి. మొదటి ఫోన్ విద్న్యానిది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆరోగ్య శాఖ అధికారి బెదిరిపోయి, తన మీదకి వస్తుందేమోనని, స్పష్టత వచ్చేదాకా పాత మోతాదే వేయాలని ఇంటర్నెట్ రాగానే అందరికీ సందేశం పెట్టాడట. విచారణ కూడా వాయిదా. తర్వాత స్పష్టత కోసం ఎవరూ అడగలేదు, దించిన చార్టులు మళ్లీ గోడెక్కలేదు. జన్మలో మొదటిసారి ఆ ఆఫీసు పిరికితనం ఒకరికి మేలు చేసింది.

రెండో ఫోన్ సుమద్రది. "నీకు మతి పోయిందా? జర్నల్‌కి నువ్వింక రానక్కర్లేదు."

గుస్తిని వాళ్ల అత్తగారింటి నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికల్లా ఉపసంహరణ మాయమైంది, పేపర్ యథాస్థానంలోకి వచ్చింది. పైన కొత్త ప్రకటన ఒకటి వెలిసింది. సాంకేతిక లోపం వల్ల తప్పుడు ప్రకటన వెలువడిందనీ, పాఠకులకి కలిగిన అసౌకర్యానికి జర్నల్ హృదయపూర్వకంగా క్షమాపణ కోరుతోందనీ అందులో ఉంది. అబద్ధాన్ని తిప్పి చూడటానికి ఏడాది సరిపోనివాళ్లు నిజాన్ని చెరపడానికి ఒక పూట తీసుకున్నారు. అన్నేళ్ల చరిత్రలో ఆ జర్నల్ ఎవరినైనా క్షమాపణ అడగడం అదే మొదలు. రస్మిని దాన్ని చదివి ఫోన్ దర్సకిచ్చి, ఇస్త్రీ బట్టలు తీసుకురమ్మంది.

"ఎక్కడికి?"

"గురువుగారింటికి."

న్యేపి మర్నాడు పెద్దల ఇళ్లకి వెళ్లి, తెలిసీ తెలియక చేసిన తప్పులకి మన్నించమని అడగడం ఆనవాయితీ. ప్రతి ఏడూ వెళ్లినట్టే వెళ్లింది. కెర్తియాస ఇంటి వాకిలి నిండా చెప్పులున్నాయి. ఆయన తెల్లబట్టల్లో అరుగు మీద కూర్చున్నాడు, చుట్టూ చుట్టాలు. పక్కనే కోడలు ఒళ్లో చంటిబిడ్డతో ఉంది. పోయిన నెలే కాన్పయింది.

"రా రస్మిని," అన్నాడు కెర్తియాస. ఆయన గొంతులో కోపం లేదు, గెలిచినవాడి దయ ఉంది. "వస్తావనుకున్నాను. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. అడిగితే మన్నించనా?"

రస్మిని కూర్చుంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. కోడలి వైపు తిరిగింది.

"బాబా, పాపా?"

"బాబు బు."

"కాన్పు తేలిగ్గా అయిందా? రక్తం ఎక్కువ పోలేదు కదా?"

"లేదు బు, మామగారు దగ్గరే ఉన్నారు."

"ఇంజక్షన్ సగమే వేశారా?"

"సగమేంటి బు?" ఆ పిల్ల నవ్వింది. "గోడ మీద ఏదో ఉందని నర్సు సగమే తెచ్చింది. మామగారు ఆవిణ్ణి కేకలేసి మొత్తం వేయించారు. నా ఇంట్లో మనిషికి అలాంటి పనులు చేయకు అన్నారు. కదా అజి?" అంటూ మామగారి వైపు తిరిగింది.

కెర్తియాస చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. పక్కనున్న చుట్టాలకి ఏమీ అర్థం కాలేదు. ఆయనకి అయింది, రస్మినికి అయింది.

"మంచి పని చేశారు ప్రొఫ్," అంది ఆమె. అది చెవి ఒగ్గితేగానీ వినబడదు. "కింతామణిలో స్రియాసి అని ఒక పిల్ల ఉంది. ఆ కాగితం ఎవరు రాశారని అడిగింది నన్ను. వెళ్లి చెబుతాను."

లేచి, అందరికీ నమస్కారం పెట్టి, చెప్పులు వెతుక్కుని వచ్చేసింది. క్షమాపణలు అడగవలసిన రోజది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.